మీకు తెలుసా? తడి సున్నం మీద కంప్యూటర్ బొమ్మ

అమెరికన్ చిత్రకారుడు రాబర్ట్ రౌషెన్‌బర్గ్ 1996లో కంప్యూటర్ ప్రింటర్ మీద తీసిన ఫొటోలను తడి ఆరని సున్నపు పూత మీదికి దించి, శతాబ్దాల నాటి ఫ్రెస్కో పద్ధతిలో ‘ఆర్కేడియన్ రిట్రీట్’ అనే చిత్రాల వరస చేశారు. కిటుకంతా సిరాలో ఉంది: ఆ ఇంక్‌జెట్ రంగులు ఉత్త నీళ్లకే కాగితాన్ని వదిలేవి. అంతకు చాలా ముందు, 1958–60లో, ఇటలీ కవి డాంటే కావ్యం ‘ఇన్‌ఫెర్నో’లోని 34 సర్గలకు 34 బొమ్మలు చేసినప్పుడు ఈ సుళువు లేదు. పత్రికల్లోని ఫొటోలను సిగరెట్ లైటర్‌లో పోసే ద్రవంతో తడిపి, కాగితం మీద బోర్లించి, సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో వెనక నుంచి రుద్దేవారు. ఆ రుద్దిన గీతలు ఇప్పటికీ కనిపిస్తాయి. వాటిలో ఆయన చేతి విసురు ఉంది, అదే నాకు అపురూపం. బోర్లించి దించిన బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడి పడుతుంది.