హిప్నో థెరపీ: అపోహలు, వాస్తవాలు
(రోగుల కుటుంబ సభ్యుల కోసం)

"మనోవ్యాధికి మందు లేదు" అని మన పెద్దలు ఒక సామెత చెబుతుంటారు. వార్డులో పనిచేసే మాకు ఈ మాట తరచుగా వినబడుతుంది. పరీక్షలన్నీ చేయించాం, స్కానింగ్ తీయించాం, రిపోర్టులు బాగానే ఉన్నాయన్నారు, అయినా కడుపునొప్పి తగ్గలేదు, రాత్రులు నిద్ర లేదు అని కుటుంబ సభ్యులు బాధపడుతుంటారు. ఆ వెంటనే మరో ప్రశ్న వస్తుంది. "సిస్టర్, టౌన్లో ఎవరో హిప్నాటిజం చేసి నయం చేస్తారట, తీసుకువెళ్ళమంటారా?"

దీనికి అవుననో కాదనో ఒక్క ముక్కలో చెప్పడం కష్టం. హిప్నో థెరపీ వల్ల మేలు జరిగే బాధలు కొన్ని ఉన్నాయి. దాని పేరు చెప్పి మందులు మాన్పిస్తే ప్రాణం మీదికి వచ్చే జబ్బులూ ఉన్నాయి. ఏది ఏదో ముందుగా తెలుసుకుంటే డబ్బు మిగులుతుంది, ఒక్కోసారి మనిషీ దక్కుతాడు.

హిప్నాసిస్ అంటే ఏమిటి?

సినిమాల్లో గొలుసు గడియారం ఊపి, ఎదుటి మనిషిని నిద్రపుచ్చి, రహస్యాలన్నీ చెప్పించడం మనం చూశాం. ఆసుపత్రిలో చేసే హిప్నాసిస్ అలాంటిది కాదు. అది నిద్ర కూడా కాదు. మనసు ఒకే విషయం మీద నిలిచి, చుట్టూ ఉన్నవాటి మీద ధ్యాస తగ్గిన స్థితి అది. టీవీలో సీరియల్ చూస్తూ పొయ్యి మీద పాలు పొంగిపోయినా గమనించని ఇల్లాలిని తలచుకోండి. ఆమె నిద్రపోలేదు, స్పృహ తప్పలేదు. ఆమె ధ్యాసంతా ఒకచోట ఉంది, అంతే. చికిత్స చేసేవారు మాటల సాయంతో రోగిని అలాంటి స్థితికి తీసుకువచ్చి, అప్పుడు నొప్పి గురించో భయం గురించో మేలుచేసే సూచనలు ఇస్తారు. రోగికి మాటలన్నీ వినబడుతూనే ఉంటాయి. ఇష్టం లేకపోతే కళ్ళు తెరిచి లేచి వెళ్ళిపోవచ్చు. అందరికీ ఇది ఒకే విధంగా పనిచేయదు. కొందరు తేలికగా ఆ స్థితిలోకి వెళతారు, కొందరికి ఎంత ప్రయత్నించినా రాదు. అది వారి తప్పు కాదు.

మన తెలుగువారిలో చాలామంది హిప్నాటిజాన్ని మొదట చూసింది స్టేజీ మీదనే. 2025లో కన్నుమూసిన బి.వి. పట్టాభిరాం గారు మేజిక్, హిప్నాటిజం ప్రదర్శనలతో ఊరూరా పరిచయమై, తరువాత కౌన్సెలింగ్, వ్యక్తిత్వ వికాసం వైపు వచ్చారు. స్టేజీ మీద జరిగేది వినోదం. అక్కడికి ఉత్సాహంగా ముందుకు వచ్చినవారిలోంచి మనుషులను ఎంచుకుంటారు. వైద్యంలో అలా ఎంచుకోవడానికి వీలుండదు.

ఇది వశీకరణమా, చేతబడిలాంటిదా, ప్రార్థన చేసుకునేవాళ్ళు చేయించుకోవచ్చా అని కూడా అడుగుతారు. దీనిలో మంత్రమూ లేదు, ఏ శక్తినీ పిలవడమూ లేదు. ఆ పేరును ప్రచారంలోకి తెచ్చింది కూడా ఒక సర్జనే. స్కాట్లండు దేశస్థుడైన జేమ్స్ బ్రెయిడ్ 1843లో దీనిపై పుస్తకం రాసి, అంతవరకు మెస్మరిజం అంటూ చెప్పుకున్న అయస్కాంత శక్తి మాటలను తోసిపుచ్చాడు. ఇదంతా రోగి ధ్యాసలో జరిగే మార్పేనని చెప్పాడు.

మన దేశానికి కూడా ఈ చరిత్రలో చోటుంది. బెంగాల్లోని హుగ్లీలో జేమ్స్ ఎస్‌డెయిల్ అనే డాక్టరు 1845లో జైలు ఆసుపత్రిలో ఒక ఖైదీకి వరిబీజానికి చికిత్స చేస్తూ మెస్మరిజం ప్రయోగించాడు. ఆ తరువాత బోదవ్యాధి వల్ల పెరిగిన పెద్ద పెద్ద గడ్డలను కూడా ఈ పద్ధతితో కోసి తీశాడు. అప్పటికి మత్తుమందు లేదు. రోగిని నలుగురు పట్టుకుంటే కోసేవారు. ప్రభుత్వం 1846లో కలకత్తాలో ఆయనకొక చిన్న ఆసుపత్రి కూడా ఇచ్చింది. అదే ఏడాది ఈథరు, 1847లో క్లోరోఫారం వచ్చాయి. అవి అందరి మీదా పనిచేసేవి, నిమిషాల్లో పనిచేసేవి. దానితో మెస్మరిజం వెనుకబడింది. ఈనాటికీ పరిస్థితి దాదాపు అదే. మందుకు బదులుగా హిప్నాసిస్ నిలబడలేదు, మందుకు తోడుగా నిలబడింది. బెల్జియంలోని లియెజ్ ఆసుపత్రిలో 1992 నుండి థైరాయిడ్ వంటి ఆపరేషన్లను హిప్నాసిస్‌తో చేస్తున్నారు. అక్కడ కూడా కోసే చోట మత్తు ఇంజెక్షన్ ఇస్తారు, మత్తు డాక్టరు పక్కనే ఉంటారు.

ఎవరికి ఉపయోగం?

గట్టి రుజువు ఉన్నది ముఖ్యంగా ఐ.బి.ఎస్. అనే ప్రేగుల బాధకు. కడుపు ఉబ్బరం, మెలిపెట్టే నొప్పి, కొన్నాళ్ళు విరేచనాలు, కొన్నాళ్ళు మలబద్ధకం. మన ఇళ్ళలో దీన్ని గ్యాస్ ట్రబుల్ అని సరిపెడతారు. ఎండోస్కోపీలో పుండు కనబడదు. అందుకని ఇంట్లోవాళ్ళు "ఏమీ లేదన్నారుగా, ఊరికే అనుకుంటున్నాడు" అంటారు. ఆ మాట రోగిని నొప్పికంటే ఎక్కువ బాధిస్తుంది. బాధ నిజమైనదే. మెదడుకు, ప్రేగులకు మధ్య నరాల ద్వారా ఎప్పుడూ కబురు నడుస్తూ ఉంటుంది. పరీక్ష రోజు పొద్దున పిల్లలు నాలుగుసార్లు దొడ్డికి పరుగెత్తడం అందరికీ తెలిసిందే కదా. ఐ.బి.ఎస్. ఉన్నవారిలో ఆ కబురు చిన్న విషయానికే పెద్ద గోలగా మారుతుంది.

ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో పీటర్ వోర్‌వెల్ అనే డాక్టరు, ఏ మందుకూ తగ్గని 30 మంది ఐ.బి.ఎస్. రోగుల మీద పరిశోధన చేసి 1984లో ప్రకటించారు. సగం మందికి హిప్నో థెరపీ, సగం మందికి మాటలతో చేసే మరో చికిత్సతోపాటు మందులేని మాత్ర ఇచ్చారు. హిప్నో థెరపీ తీసుకున్నవారికి స్పష్టంగా ఎక్కువ మేలు జరిగింది. 2015లో అదే ఊరివారు వరుసగా వచ్చిన 1000 మంది రోగుల వివరాలు ప్రకటిస్తే, వారిలో 76 శాతానికి గుణం కనిపించింది. ఈ రెండోదానిలో పోల్చి చూడటానికి మరో గుంపు లేదు కాబట్టి ఆ సంఖ్యను కొంచెం తగ్గించి చూడాలి. అయినా అది చిన్న విషయం కాదు. ఏడాదిపాటు మందులు వాడినా తగ్గనివారిని ఇలాంటి చికిత్సకు పంపే విషయం ఆలోచించవచ్చని 2008లో ఇంగ్లండు ఆరోగ్య మార్గదర్శకాలలో చేర్చారు.

చికిత్స ఎలా ఉంటుందో చెబుతాను, భయం పోతుంది. వాలు కుర్చీలో కూర్చోబెడతారు. కళ్ళు మూసుకుని శ్వాస మీద మనసు పెట్టమంటారు. కాలి వేళ్ళ నుండి మొదలుపెట్టి ఒక్కొక్క భాగాన్నీ వదులు చేయమంటారు. తరువాత అరచేయి పొట్ట మీద ఉంచి ఆ వెచ్చదనం లోపలికి దిగుతున్నట్లు ఊహించమంటారు. ప్రేగులను ఒక కాలువలా తలచుకోమంటారు. విరేచనాలవారికి వరద తగ్గి నెమ్మదించిన కాలువ, మలబద్ధకం ఉన్నవారికి అడ్డు తీసేస్తే సాఫీగా పారే కాలువ. ఇలా వారానికొకసారి, ఏడు నుండి పన్నెండు సార్లు వెళ్ళాలి. ఇంటి దగ్గర రోజూ సాధన చేయాలి. ఆ పావుగంటా అరగంటా టీవీ కట్టేసి, పిల్లలను బయటకు పంపి, ఒక గది ఇవ్వడం కుటుంబ సభ్యుల పని. ఒక్క సిట్టింగులో నయం చేస్తామనేవారు ఈ చికిత్స చేస్తున్నట్లు కాదు.

అయితే ముందు పరీక్షలు జరగాలి. మలంలో రక్తం పడటం, బరువు తగ్గిపోవడం, రక్తహీనత, నిద్రలోంచి లేపేసే నొప్పి, యాభై ఏళ్ళు దాటాక కొత్తగా మొదలైన మార్పు, వీటిలో ఏది ఉన్నా దాన్ని ఐ.బి.ఎస్. అనుకుని ఇంట్లో కూర్చోకండి. అది క్యాన్సర్ కావచ్చు, పేగుపుండ్లు కావచ్చు.

సూది భయం, ఆపరేషన్ ముందు ఆందోళన, కాలిన గాయాల డ్రెస్సింగ్ నొప్పి, వీటిలో కూడా హిప్నాసిస్ తోడ్పడుతుంది. డ్రెస్సింగ్ మార్చేటప్పుడు మేము రోగి చేత నెమ్మదిగా ఊపిరి తీయిస్తూ, వాళ్ళ ఊరి చెరువు గురించో, నాట్ల గురించో చెప్పించడం మీరు చూసే ఉంటారు. దానిని హిప్నాసిస్ అనము గాని, ఆ దారిలోదే. నొప్పి మందు మాత్రం ముందే ఇచ్చి మొదలుపెడతాము. సిగరెట్లు మానిపించడంలో దీని గొప్ప పెద్దగా రుజువు కాలేదు. 2019లో కాక్రేన్ సంస్థ పరిశోధనలన్నీ వడపోసి ఇదే చెప్పింది.

ప్రమాదం ఎక్కడ?

సారా విషయం వేరుగా చెప్పాలి. ఏళ్ళ తరబడి రోజూ తాగే మనిషి చేత ఒక్కరోజులో మాన్పిస్తే రెండు మూడు రోజుల్లో చేతులు వణకడం, ఫిట్స్, మతి తప్పి కేకలు వేయడం మొదలవుతాయి. ప్రాణం పోవచ్చు. మాన్పించాలి, కాని డాక్టరు పర్యవేక్షణలో మాన్పించాలి.

ఇన్సులిన్ మీద బ్రతికే పిల్లవాడికి ఇన్సులిన్ ఆపితే రోజుల్లోనే ప్రాణాపాయం. ఫిట్స్ మాత్రలు ఒక్కసారిగా ఆపితే ఆగకుండా ఫిట్స్ రావచ్చు. టి.బి. కోర్సు మధ్యలో వదిలితే జబ్బు మొండికేస్తుంది. వీటిని మాన్పించే మాట ఎవరి నోట వచ్చినా, అది ఎంత మెత్తని మాటైనా సరే, అక్కడినుండి లేచి రండి. చెవిలో మాటలు వినబడుతున్నాయనేవారికి, లేనిది కనిపిస్తున్నదనేవారికి హిప్నాసిస్ మంచిది కాదు. వారిని సైకియాట్రిస్టుకు చూపించాలి. గతజన్మ చూపిస్తామని, మరచిపోయిన చిన్ననాటి సంగతులు బయటికి తీస్తామని చెప్పేవారు మరో రకం. ఆ స్థితిలో వచ్చే జ్ఞాపకాలలో జరగనివి కూడా జరిగినట్లే కనిపిస్తాయి. అలాంటి మాట పట్టుకుని అన్నదమ్ములు విడిపోయిన ఇళ్ళు ఉంటాయి.

ఎవరి దగ్గరికి వెళ్ళాలి? 2003 నవంబరు 25న కేంద్ర ఆరోగ్య శాఖ ఒక ఉత్తర్వు ఇచ్చింది. హిప్నో థెరపీ విడిగా ఒక వైద్య విధానం కాదని, రిజిస్టరైన వైద్యులు, తగిన శిక్షణ పొందినవారు వాడుకోదగిన ఒక చికిత్సా పద్ధతి మాత్రమేనని దాని సారం. కాబట్టి గోడమీద వేలాడే సర్టిఫికెట్ల కన్నా ముందు, ఆయన అసలు చదువు ఏమిటని అడగండి. సైకియాట్రిస్టా, క్లినికల్ సైకాలజిస్టా, మరొక డాక్టరా? క్లినికల్ సైకాలజిస్టు అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది. అడిగితే కోపం తెచ్చుకునేవారిని వదిలేయండి. ఆడవాళ్ళు వెళితే తోడు ఒకరు గదిలోనో, తలుపు తీసిన పక్క గదిలోనో ఉండాలి. డబ్బు మొత్తం ముందే కట్టించుకునే ప్యాకేజీలకు ఒప్పుకోకండి.

మాటలతో చేసే వైద్యం

హిప్నాసిస్ అవసరమయ్యేవారు కొద్దిమందే. కౌన్సెలింగ్ అవసరమయ్యేవారు వార్డు నిండా ఉంటారు. ఇంగ్లండులో 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ స్థాపించిన సిసిలీ సాండర్స్ గారు మొదట నర్సు, తరువాత డాక్టరు అయ్యారు. ఒక మనిషి నొప్పిలో శరీరపు బాధ, మనసు బాధ, కుటుంబపు బాధ, ఆత్మ బాధ నాలుగూ కలిసి ఉంటాయని ఆమె బోధించారు. సంపూర్ణ కౌన్సెలింగ్ అని మేము అనేది దీనినే. మార్ఫిన్ ఇచ్చినా తగ్గని నొప్పి, చిన్న కూతురి పెళ్ళి మాట ఖాయమైన సాయంత్రం తగ్గడం నేను చూశాను. మార్ఫిన్ మాత్రం అలాగే కొనసాగింది.

మన ఇళ్ళలో అన్నిటికంటే ఎక్కువగా వినే మాట "అమ్మకు చెప్పకండి సిస్టర్, తట్టుకోలేదు". మీ ప్రేమను మేము అర్థం చేసుకుంటాము. కాని అమ్మకు తెలియదని మీరనుకుంటారు. రాత్రి రెండు గంటలకు బి.పి. చూడటానికి వెళ్ళినప్పుడు "నాకు క్యాన్సరే కదూ, పిల్లలకు చెప్పకమ్మా, బెంగపెట్టుకుంటారు" అని ఆమె మాతో అంటుంది. ఇటు వీళ్ళు, అటు ఆమె, ఒకరికి తెలియకుండా ఒకరు ఏడుస్తుంటారు. కౌన్సెలర్ చేసేది ఆ గోడకు ఒక తలుపు పెట్టడం. ఆమె ఎంత తెలుసుకోవాలనుకుంటున్నదో ముందు ఆమెనే అడుగుతారు. అడిగినంతే చెబుతారు. అబద్ధం చెప్పరు.

ఒక్క విషయంలో ఏ కౌన్సెలింగ్ అపాయింట్‌మెంటు కోసమూ ఆగవద్దు. రోగి "నేనుంటే మీకు భారమే" అంటున్నా, చచ్చిపోతానంటున్నా, ఉన్నట్టుండి వస్తువులు పంచిపెడుతున్నా, ఆ రాత్రే తీసుకురండి. ఇంట్లో పురుగుమందు డబ్బా ఉంటే ముందు దానిని పొరుగువారింటికి పంపేయండి. మాత్రలు మీ దగ్గర పెట్టుకుని పూటకు పూట ఇవ్వండి. దూరంలో ఉంటే, ఎవరితో మాట్లాడాలో తోచకపోతే, 14416 నంబరుకు ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ అది. 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కరలేదు.