ఎల్లలు దాటిన చెత్త పాఠం

ప్లాస్టిక్‌పై పోరులో ఢిల్లీ విద్యార్థులు ప్రపంచంతో పాఠాలు ఇచ్చిపుచ్చుకుంటున్నారు. ప్రతిజ్ఞలు దాటి లెక్కల్లోకి దిగినప్పుడే ఆ చదువుకు ఫలితం దక్కుతోంది.

కోస్టారికా తీరానికి సమీపంలో 2015లో సముద్ర జీవశాస్త్రవేత్తలు ఓ తాబేలు ముక్కులో ఇరుక్కున్నదాన్ని పట్టకారుతో లాగుతూ వీడియో తీశారు. మొదట పురుగేమో అనుకున్నది చివరికి ప్లాస్టిక్ స్ట్రా అని తేలింది. నెత్తురోడుతూ మెలికలు తిరిగిన ఆ తాబేలును ఇంటర్నెట్‌లో కోట్లాది మంది చూశారు. గుర్గావ్‌కు చెందిన ఓ స్కూలు విద్యార్థి వారిలో ఒకడు. సముద్రం ఛాయలకైనా లేని ఊళ్లో పెరిగిన ఆ కుర్రాడు 2018లో ఢిల్లీ, గుర్గావ్‌లలోని హోటళ్లు, రెస్టారెంట్ల చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. ప్లాస్టిక్ స్ట్రాలు మానేయాలని, తప్పదనుకుంటే కాగితం స్ట్రాలు ఇవ్వాలని యజమానులను ఒప్పించాడు. తొలి ఐదు నెలల్లోనే 5 లక్షలకు పైగా ప్లాస్టిక్ స్ట్రాల వాడకం ఆగిందని ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం (యూఎన్‌ఈపీ) అతని గురించి ప్రపంచానికి చాటింది.

విద్యార్థుల మార్పిడి అనగానే పాస్‌పోర్టులు, విమానాలు, అతిథి కుటుంబాలు గుర్తుకొస్తాయి. ప్లాస్టిక్ విషయంలో మాత్రం మనుషులకన్నా ముందే ఆలోచనలు ప్రయాణిస్తున్నాయి. ఇండోనేషియాలోని బాలిలో 2013లో మెలాటి, ఇసబెల్ విజ్‌సెన్ అనే ఇద్దరు అక్కచెల్లెళ్లు 12, 10 ఏళ్ల వయసులో సంచుల వ్యతిరేక ఉద్యమం మొదలుపెట్టారు. ఆరేళ్లకు, 2019లో, ఆ ద్వీపంలో ఒకసారి వాడి పారేసే సంచులు, స్ట్రాలపై నిషేధం వచ్చింది. పిల్లలు పట్టుబడితే ప్రభుత్వాలు కదులుతాయన్న నమ్మకం ఇలాంటి ఉదాహరణలతోనే దేశదేశాలకూ పాకింది.

ఆ నమ్మకానికి ఓ పద్ధతి కల్పించేందుకు యూఎన్‌ఈపీ ప్రపంచ స్కౌట్ ఉద్యమంతో కలిసి 'టైడ్ టర్నర్స్' పేరిట ప్లాస్టిక్ ఛాలెంజ్‌ను రూపొందించింది. భారత్‌లో సెంటర్ ఫర్ ఎన్విరాన్‌మెంట్ ఎడ్యుకేషన్ (సీఈఈ), డబ్ల్యూడబ్ల్యూఎఫ్-ఇండియా దాన్ని స్కూళ్లు, కాలేజీలకు తీసుకెళ్లాయి. ఇందులో మూడు మెట్లు. ముందు తన వాడకమెంతో తెలుసుకోవాలి, తర్వాత తోటివారిని కూడగట్టాలి, చివరగా తన స్కూల్లోనో కాలనీలోనో నిలిచే మార్పు తేవాలి. కెన్యాలోని విద్యార్థికీ, ఢిల్లీ ప్రభుత్వ పాఠశాలలోని విద్యార్థికీ పాఠం ఒకటే. దీనికి టికెట్టు కొనక్కర్లేదు. విదేశీ యాత్రలు ఫీజు కట్టగలిగిన ప్రైవేటు స్కూళ్లకే ఎక్కువగా పరిమితమయ్యే చోట ఇదేమీ చిన్న సంగతి కాదు.

ఈ చదువు ఢిల్లీకి ఎంత అవసరమో అంకెలే చెబుతాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 60 నగరాల్లో సర్వే జరిపి 2015లో ఇచ్చిన నివేదిక ప్రకారం ఢిల్లీలో రోజుకు దాదాపు 690 టన్నుల ప్లాస్టిక్ వ్యర్థాలు పోగయ్యేవి. అంత చెత్త మరే నగరంలోనూ లేదు. చెన్నై, ముంబైలలో కూడా అది 400 టన్నుల పైచిలుకే. యమునా నది పొడవు 1,376 కిలోమీటర్లయితే వజీరాబాద్ నుంచి ఓఖ్లా వరకు ఢిల్లీలో పారేది 22 కిలోమీటర్లే. నది మొత్తం కాలుష్యంలో నాలుగింట మూడొంతులకు పైగా కలిసేది ఆ కాస్త దూరంలోనే. తూర్పు ఢిల్లీలోని గాజీపూర్ చెత్త దిబ్బ 1984లో మొదలైంది. 2002కే నిండిపోయినా చెత్త పోయడం ఆగలేదు. 2017 సెప్టెంబర్ 1న అందులో ఓ భాగం విరిగి పక్కనున్న కాలువలోకి, రోడ్డు మీదికి జారిపడి ఇద్దరు ప్రాణాలు కోల్పోయారు. 2019 నాటికి ఆ దిబ్బ ఎత్తు 65 మీటర్లు. కుతుబ్ మీనార్ కన్నా ఎనిమిది మీటర్లే తక్కువ.

నిషేధాలకు మాత్రం కొదవ లేదు. ప్లాస్టిక్ సంచులను ఢిల్లీ ప్రభుత్వం 2009లో ఓసారి, 2012లో మరోసారి నిషేధించింది. 50 మైక్రాన్ల కన్నా పలుచటి సంచి దొరికితే రూ.5,000 జరిమానా వేయాలని 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది. 2018 జూన్ 5న ప్రపంచ పర్యావరణ దినోత్సవానికి ఢిల్లీయే ప్రధాన వేదిక. ప్లాస్టిక్ కాలుష్యాన్ని ఓడించడమే నాటి నినాదం. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ను 2022 నాటికి వదిలించుకుంటామని భారత్ అక్కడే ప్రకటించింది. ఆ మాట ప్రకారం 2022 జూలై 1 నుంచి స్ట్రాలు, స్పూన్లు, ప్లేట్లు, ఇయర్‌బడ్స్ పుల్లలు సహా 19 రకాల వస్తువులపై దేశమంతటా నిషేధం అమల్లోకి వచ్చింది. ప్రతిసారీ ప్రదర్శనల్లో నడిచింది, గుడ్డ సంచులు పంచింది, వీధి నాటకాలు వేసింది స్కూలు పిల్లలే. అయినా కూరగాయల బండి దగ్గర పలుచటి సంచి మాయం కాలేదు.

సంచిని నిషేధించడం ఒక ఎత్తు, దాన్ని కనబడకుండా చేయడం మరో ఎత్తు అని పొరుగు దేశాల అనుభవమూ చెబుతోంది. వరదల్లో మురుగు కాల్వలు పూడిపోవడంతో బంగ్లాదేశ్ 2002లో పలుచటి పాలిథిన్ సంచులను నిషేధించింది. ప్రపంచంలో ఆ పని చేసిన తొలి దేశం అదే. కానీ అమలు సడలి, 22 ఏళ్ల తర్వాత 2024లో సూపర్ మార్కెట్ల నుంచి మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. కెన్యా 2017లో ఏకంగా నాలుగేళ్ల వరకు జైలు శిక్ష పెట్టింది. భయపెట్టి సాధించేదెంత, ప్రత్యామ్నాయం చూపి సాధించేదెంత అన్నది దేశదేశాల విద్యార్థులు కలిసి చర్చించదగ్గ ప్రశ్న.

విదేశాలకు వెళ్లే మన పిల్లలకు అక్కడి వీధులే పాఠ్య పుస్తకాలు. జర్మనీలో 2003 నుంచి శీతల పానీయాల సీసాలపై డిపాజిట్ వసూలు చేస్తున్నారు. సీసా కొన్నప్పుడు అదనంగా 25 సెంట్లు కట్టాలి. ఖాళీ సీసాను సూపర్ మార్కెట్‌లోని యంత్రంలో వేస్తే ఆ డబ్బు తిరిగొస్తుంది. దాదాపు 98 శాతం సీసాలు అలా వెనక్కి వస్తున్నాయి. జపాన్‌లోని కమికత్సు అనే చిన్న పట్టణం 2003లో చెత్త లేని ఊరవుతానని ప్రకటించుకుంది. అక్కడ ఇంటి చెత్తను ఎన్నో రకాలుగా వేరుచేస్తారు. క్రమశిక్షణలో జపాన్‌ది, లెక్కలో జర్మనీది పైచేయి అనుకోవచ్చు.

అయితే ఈ చదువులో మనం ఎప్పుడూ విద్యార్థులమే కానక్కర్లేదు. జర్మనీ యంత్రంతో చేసే పనిని ఢిల్లీలో కబాడీవాలా ఏనాటి నుంచో చేస్తున్నాడు. ఇంటి గుమ్మం దగ్గరే తూకం వేసి డబ్బిచ్చి మరీ చెత్త కొనుక్కుపోయే ఏర్పాటు యూరప్ విద్యార్థికి వింతే. చిత్తుకాగితాలు ఏరేవారి నుంచి చిన్న కబాడీకి, అక్కడి నుంచి పెద్ద వ్యాపారికి, ఆపైన ముండ్కా, టిక్రీ కలాన్‌ల వంటి తుక్కు మార్కెట్లకు సాగే ఈ గొలుసులో ప్లాస్టిక్ రంగును బట్టి, రకాన్ని బట్టి వేరవుతూ పోతుంది. భారతి చతుర్వేది 1999లో ఢిల్లీలో స్థాపించిన 'చింతన్' సంస్థ ఈ కార్మికులతో పనిచేస్తోంది. వారి పిల్లలను చెత్త దిబ్బల నుంచి బడికి మళ్లించేందుకు కృషి చేస్తోంది. 'సఫాయీ సేన' పేరుతో చెత్త కార్మికులు తామే ఓ సంఘంగా ఏర్పడ్డారు. ఢిల్లీలో ఇలాంటివారు లక్షకు పైగా ఉంటారని అంచనా. నగరానికి ఉచితంగా సేవ చేస్తున్న వీరికి ప్లాస్టిక్ అంటే పర్యావరణ సమస్య కాదు, ఆ పూట కూడు.

కాబట్టి విదేశీ విద్యార్థులైనా, దక్షిణ ఢిల్లీ స్కూలు పిల్లలైనా వీరి వెంట ఒక పూట తిరిగితే తెలిసొచ్చే విషయం ఒకటుంది. మంచినీళ్ల సీసా రోడ్డు మీద ఎక్కువసేపు పడి ఉండదు. పాల ప్యాకెట్టుకూ ధర ఉంది. చిప్స్ ప్యాకెట్టు, షాంపూ సాచెట్ మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి. ప్లాస్టిక్, అల్యూమినియం పొరలు కలిపి అతికించిన ఆ ప్యాకింగ్‌ను విడదీయడం కష్టం, కొనేవాడు లేడు. ధర లేని చెత్తను పేదవాడు కూడా ఏరడు. చివరికి అది మురుగు కాల్వకో, గాజీపూర్‌కో, మంటలకో చేరుతుంది. 2022లో నిషేధించిన 19 వస్తువుల జాబితాలో ఈ ప్యాకెట్లు లేవు.

ఈ తేడా కళ్లకు కట్టాలంటే లెక్క తీయాలి. ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ (సీఎస్‌ఈ) 2005లో ప్రారంభించిన గ్రీన్ స్కూల్స్ కార్యక్రమం సరిగ్గా ఆ పనే చేయించింది. నీరు, విద్యుత్తు, ఆహారం, గాలి, స్థలంతో పాటు తమ స్కూలు చెత్తనూ పిల్లలే తూచి, వేరుచేసి, ఆడిట్ రాస్తారు. అమెరికాలోని జార్జియా విశ్వవిద్యాలయం పరిశోధకులు తయారు చేసిన 'డెబ్రిస్ ట్రాకర్' అనే మొబైల్ యాప్‌తో ఎవరైనా తాము చూసిన చెత్త ఏమిటో, ఎక్కడుందో నమోదు చేయవచ్చు. 2019లో నేషనల్ జియోగ్రాఫిక్ ఆధ్వర్యంలో మహిళా శాస్త్రవేత్తల బృందం బంగాళాఖాతం నుంచి హిమాలయాల దాకా గంగానది వెంట ప్రయాణించింది. డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్, ఢాకా విశ్వవిద్యాలయం పరిశోధకులు బ్రిటిష్, అమెరికన్ శాస్త్రవేత్తలతో కలిసి పనిచేశారు. గంగ, బ్రహ్మపుత్ర, మేఘన నదులు కలిసి రోజుకు 100 కోట్ల నుంచి 300 కోట్ల మైక్రోప్లాస్టిక్ రేణువులను బంగాళాఖాతంలోకి మోసుకుపోతుండవచ్చని వారి అధ్యయనం 2021లో అంచనా వేసింది. యమున కలిసేది ఆ గంగలోనే. ఢిల్లీ విద్యార్థికి సముద్రంతో ఉన్న చుట్టరికం అదే.

లెక్కల అవసరం స్కూళ్లకే కాదు. 2020-21లో దేశంలో వెలువడిన ప్లాస్టిక్ వ్యర్థాలు 41 లక్షల టన్నులని కాలుష్య నియంత్రణ మండలి నివేదిక చెప్పింది. బ్రిటన్‌లోని లీడ్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2024లో 'నేచర్' పత్రికలో ప్రచురించిన అధ్యయనమేమో భారత్‌లో సేకరణకు నోచుకోక పరిసరాల్లో కలిసే, బహిరంగంగా తగలబడే ప్లాస్టిక్కే ఏడాదికి 93 లక్షల టన్నులని, ప్రపంచంలో అదే అత్యధికమని అంచనా కట్టింది. పద్ధతులు వేరు కావచ్చు. కానీ వదిలేసిన చెత్త మొత్తం చెత్త కన్నా రెట్టింపు ఎలా అయిందని అడగడం ఏ హైస్కూలు విద్యార్థికైనా న్యాయమైన ప్రశ్నే.

అలాగని భారమంతా పిల్లల భుజాలపై వేస్తే కుదరదు. ప్లాస్టిక్ కాలుష్యంపై అంతర్జాతీయ ఒప్పందం కుదుర్చుకోవాలని 2022 మార్చిలో నైరోబీలో 175 దేశాలు తీర్మానించాయి. 2024 చివర దక్షిణ కొరియాలోని బుసాన్‌లో, 2025 ఆగస్టులో జెనీవాలో జరిగిన చర్చలు ఒప్పందం లేకుండానే ముగిశాయి. ప్లాస్టిక్ ఉత్పత్తికే పరిమితి పెట్టాలా, వ్యర్థాల నిర్వహణతో సరిపెట్టాలా అన్న దగ్గరే పీటముడి పడింది. పెద్దల మార్పిడి కార్యక్రమం అలా ఉంది మరి.

ఆశ చిగురించే చోట్లు లేకపోలేదు. కేదార్‌నాథ్ యాత్రలో 2022లో ప్లాస్టిక్ సీసాలపై రూ.10 డిపాజిట్ పద్ధతి ప్రవేశపెట్టారు. సీసాపై క్యూఆర్ కోడ్ అతికించి, ఖాళీది తిరిగిస్తే డబ్బు వాపసు చేసే ఆ ఏర్పాటు వెనక ఉన్నది హైదరాబాద్‌కు చెందిన రీసైకల్ సంస్థ. ప్యాకింగ్ వ్యర్థాలను వెనక్కి సేకరించే బాధ్యత తయారీదారులు, బ్రాండ్ యజమానులదేనని కేంద్రం 2022 ఫిబ్రవరిలో మార్గదర్శకాలు జారీ చేసింది. జర్మనీ పద్ధతి హిమాలయాలకు చేరగలిగినప్పుడు ఢిల్లీ స్కూలు క్యాంటీన్‌కు చేరడం అసాధ్యమేమీ కాదు. ముందుగా క్యాంటీన్‌లో రోజుకు ఎన్ని చిప్స్ ప్యాకెట్లు అమ్ముడవుతున్నాయో, వాటిని ఎవరు ఏరుతున్నారో, ఆ ఖర్చు ఎవరు భరిస్తున్నారో పిల్లలు రాసిపెట్టుకోవాలి. ఆ కాగితాన్ని ప్రిన్సిపాల్‌తో పాటు ప్యాకెట్టు మీద పేరున్న కంపెనీకీ పంపవచ్చు.