అద్దాల వరండా తలుపుకు కొత్త పిడి

బదిలీ ఉత్తర్వు రాగానే కొత్త ఊళ్లో ఇల్లు వెతుకుతాం. నీళ్ల వసతి, పిల్లల బడి, బ్రాంచికి దూరం, అద్దె అన్నీ చూస్తాం. తలుపు పిడి ఎలా ఉందో మాత్రం ఎవరూ చూడరు. ఇంట్లో రోజూ అందరి చేతులూ పడేది దాని మీదే. అది పాడైతే ఎలా మార్చుకోవాలో, అసలు ఎందుకు పాడవుతుందో మన బ్యాంకు కుటుంబాలతో పంచుకుందామని ఈ వ్యాసం.

నేను ప్రస్తుతం ఉంటున్నది ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్‌లో, బిలాస్‌పూర్ రోడ్డు వైపున్న భన్‌పురిలో. ఇది పారిశ్రామిక ప్రాంతం. దగ్గర్లోనే ఉర్లా, సిల్తరా; ఉక్కు రోలింగ్ మిల్లులు, స్పాంజ్ ఐరన్ కర్మాగారాలు. పొద్దున తుడిచిన గచ్చు మీద సాయంత్రానికి అడుగుల ముద్రలు పడేంత నల్లటి ధూళి. అందుకే మా ఇంటి యజమాని వెనుక వరండాకు యూపీవీసీ ఫ్రేములు పెట్టి, అద్దాలు బిగించారు. ఇంగ్లండులో ఇలాంటి గదిని కన్సర్వేటరీ అంటారు. నారింజ, నిమ్మ జాతి మొక్కలను చలికాలంలో బతికించుకోవడానికి సంపన్నులు కట్టించుకున్న అద్దాల గదుల నుంచి వచ్చిన అలవాటు అది. అక్కడ ఎండను లోపల పట్టి ఉంచడానికి కట్టుకుంటే, ఇక్కడ దుమ్మును బయట ఆపడానికి కట్టుకుంటున్నాం. కానీ అద్దం తన పని తాను చేస్తుంది. లోపలికొచ్చిన ఎండ వేడిని బయటికి పోనివ్వదు. మే నెలలో బయటే 45 డిగ్రీల దాకా ఉండే ఊళ్లో, మూసిన అద్దాల వరండా మధ్యాహ్నానికి పొయ్యిలా మారుతుంది.

పిడి తిరిగింది, తలుపు రాలేదు

నిరుడు వేసవిలో మా అమ్మ విజయనగరం నుంచి రాయగడ, టిట్లాగఢ్ మీదుగా వచ్చే రైల్లో మా ఇంటికొచ్చింది. ఒక మధ్యాహ్నం వరండాలో ఆరేసిన వడియాలు తీయడానికి వెళ్లింది. వేడిగాలి ఇంట్లోకి రాకూడదని వెనకాలే తలుపు వేసింది. తిరిగి రాబోతే పిడి గాల్లో తిరిగినట్టు ఉత్తినే తిరిగింది, గడియ మాత్రం కదల్లేదు. ఆమె అద్దం మీద తట్టిన చప్పుడు విని మా ఆవిడ హాలు వైపు నుంచి తలుపు తీసింది. పట్టుమని పది నిమిషాలు కూడా కాలేదు కానీ, అమ్మ చీర చెమటతో తడిసి ముద్దయింది. ఆ సమయానికి ఇంట్లో ఎవరూ లేకపోతే? ఈ ప్రశ్నే నన్ను స్క్రూడ్రైవర్ పట్టించింది.

ఐదు ‘ఎందుకు’లు

మేనేజ్‌మెంట్ చదువులో టొయోటా కంపెనీ పద్ధతి ఒకటి నేర్పుతారు. ఏదైనా చెడితే ‘ఎందుకు?’ అని ఐదుసార్లు అడగాలి. మొదటి జవాబు దగ్గర ఆగితే మరమ్మతు అవుతుంది కానీ, సమస్య తీరదు. మా తలుపుకు అదే వర్తింపజేశాం.

పిడి ఎందుకు ఉత్తినే తిరిగింది? రెండు వైపుల పిడులనూ కలిపే చదరపు ఇనుప కడ్డీ లోపలి పిడిలో కూర్చునే గుంట అరిగి గుండ్రంగా అయింది. బయటి పిడి గుంట బాగానే ఉంది కాబట్టి అటునుంచి తలుపు తెరుచుకుంది.

గుంట ఎందుకు అరిగింది? చాలాకాలంగా దాన్ని బలంగా నొక్కుతున్నారు. ఈ పిడులు ఎక్కువగా జమాక్ అనే లోహంతో పోతపోస్తారు. జర్మన్ భాషలో జింక్, అల్యూమినియం, మెగ్నీషియం, రాగి పేర్ల మొదటి అక్షరాలు కలిపి పెట్టిన పేరది. అందులో ఎక్కువ భాగం జింకే. చూడటానికి స్టీలులా మెరుస్తుంది కానీ, స్టీలంత గట్టిది కాదు.

బలంగా ఎందుకు నొక్కాల్సి వచ్చింది? గడియ, దాని పైనా కిందా ఉన్న కొక్కేలు ఫ్రేములోని రంధ్రాల్లో సరిగ్గా పడటం లేదు.

ఎందుకు పడటం లేదు? తలుపు రెక్క పిడి ఉన్న వైపు కొన్ని మిల్లీమీటర్లు కిందికి దిగింది.

ఎందుకు దిగింది? అద్దం బరువు. ఒక మిల్లీమీటరు మందం అద్దం చదరపు మీటరుకు 2.5 కిలోలు తూగుతుంది. అంటే 5 మిల్లీమీటర్ల అద్దం చదరపు మీటరుకు పన్నెండున్నర కిలోలు. ఆ బరువుకు బందుల స్క్రూలు మెల్లగా వదులయ్యాయి. దానికి ఎండ తోడైంది. ప్లాస్టిక్ వేడికి బాగా సాగుతుంది. రెండు మీటర్ల పీవీసీ ముక్కను విడిగా ఉంచి 30 డిగ్రీలు వేడి పెంచితే నాలుగు మిల్లీమీటర్లకు పైగా పెరుగుతుంది. ఫ్రేము లోపలుండే ఉక్కు పట్టీ ఆ సాగుడును తగ్గిస్తుంది కానీ, పూర్తిగా ఆపలేదు. పొద్దున్న సాఫీగా పడే తలుపు మధ్యాహ్నం మొరాయించేది ఇందుకే.

కాబట్టి పిడి ఒక్కటే మార్చి ఊరుకుంటే కొత్తదీ అదే దారి పడుతుంది. ముందు బందులు, తర్వాత పిడి.

ముందు ఒక పరీక్ష

తలుపు బార్లా తెరిచి పెట్టి పిడిని నాలుగైదుసార్లు కదపండి. తెరిచి ఉన్నప్పుడు సాఫీగా ఉండి, వేసినప్పుడే బిగుసుకుంటుంటే తప్పు పిడిది కాదు, తలుపు వాలింది. బందుల మీదుండే మూత తీసి, అలెన్ కీతో పావు చుట్టు చొప్పున తిప్పుతూ రెక్కను సరిచేయాలి. దీనికి తెలిసిన మేస్త్రీ ఉంటే మంచిది. తెరిచి ఉన్నప్పుడు కూడా పిడి వేలాడుతూ, తనంతట తాను పైకి రాకపోతే అందులోని స్ప్రింగు పోయినట్టు. ఉత్తినే తిరుగుతుంటే గుంట అరిగినట్టు. ఈ రెండింటికీ కొత్త పిడే మందు.

కొలతలు

పిడి కొనేటప్పుడు అందం తర్వాత, కొలతలు ముందు. వీటిని మిల్లీమీటర్లలో రాసుకోండి:

1. చదరపు కడ్డీ మధ్య నుంచి తాళం సిలిండరు మధ్యకు దూరం. బజారులో 85, 92 తరచు కనబడతాయి. ఇది తేడా వస్తే మిగతావన్నీ సరిపోయినా పిడి కూర్చోదు.
2. పై స్క్రూ మధ్య నుంచి కింది స్క్రూ మధ్యకు దూరం.
3. పిడి పలక పొడవు, వెడల్పు. కొత్తది చిన్నదైతే పాత మచ్చ కనబడుతుంది.
4. తలుపు మందం. స్క్రూల పొడవు, కడ్డీ పొడవు దీన్ని బట్టే.
5. కడ్డీ ఒక పక్క కొలత. ఎక్కువగా 8 మిల్లీమీటర్లు, కొన్నిటికి 7.
6. తలుపు కుడిచేతి వాటమా, ఎడమచేతి వాటమా.

వీలైతే పాత పిడినే చేతపట్టుకుని వెళ్లండి. భాష రాని ఊళ్లో వందమాటల కన్నా అది నయం. స్టీలా కాదా అని అయస్కాంతంతో తేల్చుకోవద్దు. జమాక్‌కూ, అల్యూమినియానికీ అయస్కాంతం అంటదు. మంచి 304 రకం స్టీలుకూ దాదాపు అంటదు. పెట్టె మీద రాసినది చదవండి, అడిగి బిల్లులో రాయించుకోండి.

బిగించడం

తలుపు తెరిచి, కదలకుండా కింద చెక్క ముక్క పెట్టండి. లోపలి వైపున్న రెండు పొడవాటి స్క్రూలు విప్పండి. అవి తలుపు గుండా వెళ్లి బయటి పలకను పట్టి ఉంచుతాయి కాబట్టి, బయటి పిడి కింద పడకుండా రెండో చేత్తో పట్టుకోవాలి. రెండు పిడులూ తీశాక కడ్డీ వస్తుంది. సిలిండరును కదిలించే పని లేదు.

లోపల చేరిన ధూళిని ఎండు కుంచెతో దులపండి. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరినూనె పోయకండి. నూనెకు దుమ్ము అంటుకుని ముద్ద కడుతుంది. కదిలే భాగాలకు సిలికాన్ స్ప్రే, తాళం చెవి రంధ్రంలో కొద్దిగా గ్రాఫైట్ పొడి చాలు.

కొత్త కడ్డీ దూర్చి, రెండు పలకలూ పెట్టి, స్క్రూలు చేత్తోనే సగం బిగించండి. పిడి నొక్కి వదిలితే తనంతట తాను వెనక్కి రావాలి. తాళం చెవి తేలిగ్గా తిరగాలి. అప్పుడే పూర్తిగా బిగించండి. డ్రిల్లు మిషను వాడితే బిగువెక్కువై పలక వంగి, పిడి ఇరుక్కుంటుంది. చివరగా తలుపు వేసి చూడండి. మాకు మొత్తం అరగంట పట్టింది. బందులు సరిచేయడానికి మాత్రం మేస్త్రీకి ఒక పూట పట్టింది.

బ్యాంకు తలుపు వేరు, ఇంటి తలుపు వేరు

మన లాకరు తెరవాలంటే ఖాతాదారుడి తాళం చెవీ కావాలి, బ్యాంకు తాళం చెవీ కావాలి. సులువుగా తెరుచుకోకపోవడమే దాని గొప్ప. ఇంటి తలుపుకు అలా కాదు. బయటివాడికి తెరుచుకోకూడదు, లోపలివాళ్లకు క్షణంలో తెరుచుకోవాలి. అందుకే లోపలి వైపు తాళం చెవి అక్కరలేకుండా వేళ్లతో తిప్పే మీట ఉన్న సిలిండరు మంచిది. పొగ కమ్ముకున్న చీకట్లో తాళం చెవి వెతకడం ఎవరి తరమూ కాదు. అయితే ఆ మీట పక్కన పగలగొట్టడానికి వీలైన పలచటి అద్దం ఉంటే, బయటి నుంచి చెయ్యి పెట్టి తిప్పగలరు. అక్కడ గట్టిపరిచిన అద్దమో, గ్రిల్లో ఉండాలి. సిలిండరు బయటి పలక కన్నా ముందుకు పొడుచుకు రాకుండా చూసుకోవాలి, లేకపోతే పట్టకారుతో పట్టి విరిచేస్తారు.

పెద్దవాళ్లున్న ఇంట్లో గుండ్రటి నాబు వద్దు. కీళ్లనొప్పులున్న వేళ్లతో దాన్ని తిప్పడం కష్టం. కిందికి నొక్కే పిడిని మోచేత్తోనైనా తీయొచ్చు.

అద్దె ఇంట్లో ఉంటే యజమానికి ముందే చెప్పి, పాత పిడిని దాచి ఉంచాలి. మేం ఇంకో పని కూడా చేశాం. పాత సెట్టులో బాగున్న బయటి పిడిని, దాని చదరపు కడ్డీతో సహా వరండా లోపలి గోడకు మేకు కొట్టి వేలాడదీశాం, ఒక స్క్రూడ్రైవర్‌తో పాటు. కొత్త పిడి ఎప్పుడైనా మొండికేస్తే దాన్ని విప్పి, ఆ కడ్డీ దూర్చి తిప్పితే గడియ వెనక్కి వస్తుంది. అమ్మ చేత రెండుసార్లు చేయించి చూశాం, చక్కగా తీసింది. మీ ఇంట్లో కూడా ఈ ఆదివారం తలుపులన్నీ ఒకసారి లోపలి నుంచి తీసి చూడండి. ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్ల చేత, అందరికన్నా చిన్నవాళ్ల చేత కూడా తీయించండి.