ఎనిమిది చుక్కల గడిలో తెలుగు పడుతుందా?

వీడియో గేమ్ అన్న మాట వింటేనే కన్నవారికి గుబులు. పరీక్షల ముందైతే ఆ ఊసే వద్దంటారు. కానీ గేమ్ ఆడటం వేరు, గేమ్ తయారు చేయడం వేరు. రెండోదానికి లెక్కలు రావాలి, బొమ్మ గీయాలి, ఓపిక ఉండాలి. చెన్నైలోని మన తెలుగు బడుల పిల్లలు తమ భాషలోనే ఆట చేయాలనుకుంటే అక్షరం మీద పట్టు కూడా కావాలి.

పాత గేమ్ కన్సోళ్లకు సరదాగా సొంత ఆటలు రాసుకునేవారు ప్రపంచమంతటా ఉన్నారు. దీన్ని హోమ్‌బ్రూ అంటారు. ఇంటి వంట లాంటిదనుకోండి. కొత్తవారికి అనువైన కన్సోల్, జపాన్ కంపెనీ నింటెండో 1989లో తెచ్చిన గేమ్ బాయ్. అరచేతిలో ఇమిడే యంత్రం. తెర అడ్డంగా 160 చుక్కలు, నిలువుగా 144. రంగులు లేవు, నాలుగు ఛాయలే. ఇంత చిన్నది కావడమే దీని సుగుణం. ఇప్పటి పెద్ద ఆటలకు వందలమంది పనిచేస్తారు. దీనికి తొమ్మిదో తరగతి పిల్లవాడు ఒక్కడు చాలు.

ఆ యంత్రం కొననక్కరలేదు. జీబీ స్టూడియో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ విండోస్‌లోనూ లినక్స్‌లోనూ పనిచేస్తుంది. కోడ్ రాయకుండానే ‘ఈ మనిషి దగ్గరికి వెళ్తే ఈ మాట చూపించు’, ‘ఈ తలుపు తాకితే ఆ గదిలోకి పంపు’ అని వరుసగా పేర్చుకుంటూ పోవచ్చు. తయారైన ఆటను కంప్యూటర్‌లోనే ఆడి చూడవచ్చు, ఫోన్ బ్రౌజర్‌లో ఆడే రూపంలోనూ తీసుకోవచ్చు.

అసలు చిక్కు అక్షరాల దగ్గర వస్తుంది. గేమ్ బాయ్ తెరను గడులుగా చూస్తుంది. ఒక్కో గడికి అడ్డంగా 8 చుక్కలు, నిలువుగా 8. అచ్చం చుక్కల ముగ్గే. ఇంగ్లీషు పెద్దబడి అక్షరాలు 26, ఒక్కోటి ఒక గడిలో సరిపోతుంది. మన ‘స్త్రీ’ని అందులో ఇరికించి చూడండి! పైన గుడి దీర్ఘం, కింద రెండు వత్తులు, మధ్యలో స. నలిగిపోతుంది. చదవగలిగేలా ఉండాలంటే 16 చుక్కల వెడల్పు, 16 చుక్కల ఎత్తు, అంటే నాలుగు గడులు కావాలి. యంత్రం తన బొమ్మల మెమరీలో ఒకేసారి దాచుకోగలిగినవి 384 గడులే. బొమ్మలన్నీ మానేసి అక్షరాలే నింపినా 96 దాటవు. 36 హల్లులకు గుణింతాలు కడితేనే ఐదు వందలకు పైమాట. వత్తుల సంగతి చెప్పనే అక్కరలేదు.

కాబట్టి పిల్లలు ఎంచుకోవాలి. ఆటలో ఏ మాటలు వస్తాయో ముందు రాసుకుని, వాటికి కావలసిన అక్షరాలు మాత్రమే గీయాలి. ఇక్కడ కంప్యూటర్ టీచర్, తెలుగు టీచర్ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి. ప, వల మధ్య తేడా తలకట్టు అంటిందా లేదా అన్నదే. గడిలో ఆ సందు ఒక్క చుక్క. అది పూడిపోతే ‘పరుగు’ కాస్తా ‘వరుగు’ అవుతుంది. ఆటలో పరుగెత్తమంటే పిల్లలు వంకాయ ముక్కలు ఎండబెట్టుకుంటారు! పది కాపీలు రాసినా కనబడని ఈ తేడా, చుక్క చుక్కా పెట్టేటప్పుడు కంటికి ఆనుతుంది.

మొదలుపెట్టడానికి గళ్ల నోటుబుక్కు చాలు. 16 గళ్ల చదరం గీసి, పెన్సిల్‌తో అక్షరం నింపి, దూరం నుంచి చదివించి చూడాలి. జీబీ స్టూడియోలోని మాటల పెట్టె తెలుగు వత్తులను తనంతట తాను కూర్చదు. అందుకని మొదట్లో తెలుగు మాటను నేపథ్య చిత్రంలోనే బొమ్మగా గీయడం సులువు. ఒక నేపథ్యానికి మామూలుగా 192 వేర్వేరు గడులకు మించి ఇవ్వదు. ఒకే అక్షరం మళ్లీ వస్తే, గడుల హద్దులకు సరిగ్గా కూర్చోబెడితే, కొత్త గడి ఖర్చు కాదు. ఆ పొదుపే లెక్కల పాఠం.

మొదటి ఆటకు ఒక గది, ఇద్దరు మనుషులు, ఒక తలుపు చాలు. కొరుక్కుపేట కిరాణా కొట్టు, అందులో బెల్లం అడిగే అమ్మాయి అనుకోండి. వారానికి ఒక పీరియడ్ ఇవ్వగలిగితే మేలు. ఒక జాగ్రత్త: సొంత ఆట రాసుకోవడంలో తప్పేమీ లేదు. కంపెనీల ఆటల దొంగ కాపీలు దించుకోవడం మాత్రం చట్టవిరుద్ధం. పిల్లలు వెతుకుతూ అటు జారే అవకాశం ఉంది, టీచర్లు కనిపెట్టుకుని ఉండాలి.

రుచి మరిగిన పిల్లలకు తర్వాతి మెట్టు జీబీడీకే. అదీ ఉచితమే. అందులో సి భాషలో నేరుగా రాయాలి. వత్తును కింది గడిలో ఎక్కడ పెట్టాలో చెప్పే కోడ్ అక్కడ వాళ్లే రాసుకోవచ్చు.