మదనపల్లె, పుంగనూరు, కుప్పం: చిన్న ఊరి బర్గర్‌ని ఎట్ల కొలవాలి?

"అన్నా, మదనపల్లెలో మంచి బర్గర్ యాడ దొరుకుతుందన్నా?" వారం వారం నాకు వచ్చే మెసేజ్‌లలో ఎక్కువ ఇదే. పుంగనూరు నుంచి, కుప్పం నుంచి కూడా ఇదే ప్రశ్న. అందుకే ఈ ఎపిసోడ్ మొత్తం బర్గర్ల మీదే. మూడు ఊళ్ళు తిరిగినా. బండి దగ్గర తిన్నా, బేకరీలో తిన్నా, ఏసీ పెట్టిన షాపుల్లో కూడా తిన్నా.

కానీ ఒక మాట ముందే చెప్పేస్తా. ఈరోజు షాపుల పేర్లు చెప్పి ఒకటి, రెండు, మూడు అని ర్యాంకులు ఇవ్వను. ఎందుకో చివర్లో చెప్తా. దానికి బదులు ఏ షాపుకి పోయినా పనికొచ్చే కొలత ఒకటి చెప్తా.

ఆ కొలత ఏంటంటే, బర్గర్‌కి రెండు స్కేళ్ళు కావాలి. రుచి, రేటు, సైజు, వీటికి ఊరి స్కేలు వాడాలి. శుభ్రత, నిజాయితీ, వీటికి దేశమంతా ఒకటే స్కేలు. మన రివ్యూల్లో చాలావరకు దీనికి ఉల్టా జరుగుతుంది. రుచి దగ్గర బెంగళూరుతో పోల్చి చిన్న షాపుని తిడతారు. నూనె నల్లగా మసిలా ఉన్నా "పాపం చిన్న షాపు కదా" అని వదిలేస్తారు. చిన్న షాపు అని చూసీ చూడనట్టు పోవాల్సింది రుచి దగ్గర, నూనె దగ్గర కాదు.

"ఒరిజినల్ టేస్ట్ లేదు బ్రో"

ఈ డైలాగ్ మీరు కూడా వినుంటారు. ఒరిజినల్ అంటే ఏది? హాంబర్గర్ అనే పేరు జర్మనీలోని హాంబర్గ్ ఊరి నుంచి వచ్చింది. అమెరికాలో 1921లో విచిటా అనే ఊళ్ళో వైట్ కాజిల్ మొదలైంది, బర్గర్ 5 సెంట్లకి అమ్మింది. మన దేశంలో మెక్‌డొనాల్డ్స్ 1996 అక్టోబర్‌లో ఢిల్లీ వసంత్ విహార్‌లో తెరిచింది. వాళ్ళకి బీఫే ప్రాణం. అలాంటిది ఇక్కడికి వచ్చేసరికి బీఫ్ తీసేసి, ఆలూ టిక్కీని బన్నులో పెట్టి అమ్మింది.

అంత పెద్ద కంపెనీయే ఇక్కడి నోటికి తగ్గట్టు మెనూ మార్చుకుంటే, మదనపల్లెలో ఒకాయన ప్యాటీలో పచ్చిమిరపకాయ, కరివేపాకు వేశాడని తప్పు పట్టడానికేముంది? అది తప్పు కాదు, ఆయన వంట. నచ్చిందా లేదా చెప్పండి, చాలు. ఒరిజినల్ కాదని మార్కులు కొయ్యకండి.

ఊరి స్కేలు: మదనపల్లె టమాటా

మదనపల్లె టమాటా మార్కెట్ గురించి నేను మీకు కొత్తగా చెప్పేదేం లేదు. 2023 జులైలో ఇక్కడ కిలో రేటు రెండొందల దగ్గరికి పోయింది. అదే నెలలో మెక్‌డొనాల్డ్స్ ఉత్తర, తూర్పు భారతంలోని చాలా షాపుల్లో బర్గర్‌లో టమాటా పెట్టడం ఆపేసింది. మాకు కావాల్సిన క్వాలిటీ దొరకట్లేదని షాపుల్లో నోటీసు కూడా పెట్టింది. ఆగస్టులో బర్గర్ కింగ్ కూడా టమాటా ఆపింది. అంటే మన యార్డులో జరిగే వేలంపాటకి, ఎక్కడో ఢిల్లీలో ఒకడి చేతిలో ఉన్న బర్గర్‌కి లింకు ఉందన్నమాట.

రేటు పడిపోయిన రోజుల్లో రైతులు కడుపు మండి టమాటాలు రోడ్డు మీద పారబోసిన ఊరు కూడా ఇదే. కాబట్టి ఇక్కడ నా రూలు సింపుల్. మదనపల్లె బర్గర్‌లో టమాటా ముక్క మెత్తబడి, నీళ్ళు కారుతూ వస్తే మార్కులు తగ్గిస్తా. లెట్యూస్ ఆకు లేకపోతే తగ్గించను. దాని బదులు క్యాబేజీ వేస్తే అస్సలు తగ్గించను. ఊళ్ళో దండిగా దొరికేది బాగా వాడాలి, దొరకనిదానికి తిట్టకూడదు. ఊరి స్కేలు అంటే ఇదే.

బన్ను కూడా అంతే. మన వైపు బేకరీలకి కొదవ లేదు. పొద్దున కాల్చిన బన్ను సాయంత్రానికి దొరుకుతుంది. వేలితో నొక్కి చూడండి, తాజా బన్ను మళ్ళీ పైకి లేస్తుంది. నొక్కిన చోట గుంట అట్లనే ఉంటే, పక్కలు పొడిపొడిగా రాలుతుంటే అది పాతది. లోపలి వైపు పెనం మీద కాస్త కాల్చారా లేదా చూడండి. కాలిస్తే సాస్ పీల్చుకోదు, చేతిలో విడిపోదు. దీనికి షాపుకి అయ్యే ఖర్చు ఒక్క నిమిషం టైమే.

ఇక రేటు. మెనూలో నంబరు చూసి చీప్, కాస్ట్‌లీ అనొద్దు. నేను చిన్న డిజిటల్ కాటా బ్యాగులో పెట్టుకుని పోతా. ఉదాహరణకి 90 రూపాయల బర్గర్‌లో ప్యాటీ 60 గ్రాములు ఉందనుకోండి, 90ని 60తో భాగిస్తే గ్రాముకి రూపాయిన్నర. 150 రూపాయల బర్గర్‌లో 120 గ్రాములు ఉంటే, గ్రాముకి రూపాయి పావలా. మనం కాస్ట్‌లీ అనుకున్నదే నిజానికి చీప్. కాటా లేకపోతే ప్యాటీ బన్ను అంచు దాకా ఉందా, మధ్యలో బిళ్ళలా ఉందా చూడండి, సగం తెలిసిపోతుంది.

దేశం స్కేలు: లైసెన్స్, నూనె, ఫ్రీజర్

ఇప్పుడు రెండో స్కేలుకి వద్దాం. ఇక్కడ ఊరు చిన్నది, షాపు చిన్నది అనే మాట ఉండదు.

మొదటిది, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు. 14 అంకెలుంటుంది. షాపులో అందరికీ కనపడేలా పెట్టాలి, 2022 నుంచి బిల్లు మీద కూడా ఉండాలి. తోపుడు బండికి కూడా రిజిస్ట్రేషన్ ఉంది. ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ అనే యాప్‌లో ఆ నంబరు కొట్టి చూడొచ్చు, కంప్లయింట్ కూడా అందులోనే ఇవ్వొచ్చు.

రెండోది నూనె. అదే నూనెని మళ్ళీ మళ్ళీ మరిగిస్తే పోలార్ కాంపౌండ్స్ అనేవి పెరుగుతాయి. ఇవి 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదని 2018 జులై 1 నుంచి రూలు. దాన్ని కొలవడానికి మీటర్లు ఉంటాయి, మన దగ్గర ఉండవు. మన దగ్గర కళ్ళు, ముక్కు ఉన్నాయి. నూనె చిక్కగా నల్లబడిందా, ప్యాటీ వేసినప్పుడు నురుగు పొంగి తగ్గకుండా అట్లనే ఉంటోందా, తక్కువ మంట మీదే పొగ వస్తోందా, చూడండి. మూడూ ఉంటే ఆరోజు కూల్‌డ్రింక్ తాగి వచ్చేయండి.

మూడోది ఫ్రీజర్. చాలా షాపుల్లో ప్యాటీలు ప్యాకెట్లలో ఫ్రోజెన్‌గా వస్తాయి. అది తప్పు కాదు. కానీ వాటిని మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉంచాలి. కరెంటు పోయి కరిగి, మళ్ళీ గడ్డకడితేనే సమస్య. ప్యాకెట్ లోపల ఐసు పేరుకుని, ప్యాటీలు ఒకదానికొకటి అతుక్కుని వంకరగా ఉంటే మధ్యలో కరిగాయని అనుమానించాలి. చికెన్ అయితే కొరికే ముందు మధ్యకి విరిచి చూడండి. లోపల దాదాపు 75 డిగ్రీల వేడి తగలాలి. పైన మాడి లోపల చల్లగా, గులాబీ రంగులో ఉంటే వెనక్కి ఇచ్చేయండి. మొహమాటం వద్దు.

పుంగనూరులో చీజ్ ప్రశ్న

పుంగనూరు అంటే పొట్టి ఆవులు. ప్రపంచంలో బాగా పొట్టిగా ఉండే ఆవు జాతుల్లో ఇదొకటి. బర్గర్‌లో వేసే చీజ్ ఆ ఆవు పాలది కాదనుకోండి, అది ప్యాకెట్‌లోనే వస్తుంది. కానీ పాలకి పేరున్న ఊళ్ళో ఈ ప్రశ్న అడగడం న్యాయమే: ఇది నిజంగా చీజేనా?

పాల కొవ్వుతో చేసింది చీజ్. పాల కొవ్వు బదులు పామాయిల్ లాంటిది వాడితే దాన్ని అనలాగ్ అంటారు, ప్యాకెట్ మీద ఆ మాట ఉండాలి. అనలాగ్ అమ్మడం నేరం కాదు. దాన్ని అమ్ముతూ మెనూలో "చీజ్ బర్గర్" అని రాసి చీజ్ రేటు వసూలు చేస్తే మాత్రం అది కస్టమర్‌ని మోసం చేయడమే. "అన్నా, చీజ్ ప్యాకెట్ ఒకసారి చూపిస్తారా?" అని మర్యాదగా అడగండి. నిజంగా చీజ్ వాడే షాపాయన సంతోషంగా తెచ్చి చూపిస్తాడు.

కుప్పంలో మయోనైజ్ ప్రశ్న

కుప్పం నుంచి అటు పోతే తమిళనాడు, ఇటు పోతే కర్ణాటక. మూడు రాష్ట్రాల తిండీ కలిసే చోటు. యూనివర్సిటీ ఉంది, మెడికల్ కాలేజీ ఉంది, హాస్టల్ పిల్లలు ఎక్కువ. బర్గర్, షవర్మా, మోమోస్, అన్నిట్లోకీ పడేది మయోనైజ్.

పచ్చి గుడ్డుతో చేసిన మయోనైజ్‌లో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా పెరిగే ప్రమాదం ఉంది. హైదరాబాద్‌లో మోమోస్ తిన్న ఒకామె చనిపోయి, ఇంకా చాలామంది ఆసుపత్రి పాలయ్యాక, తెలంగాణ 2024 అక్టోబర్ 30 నుంచి పచ్చి గుడ్డు మయోనైజ్‌ని ఏడాది పాటు నిషేధించింది. తమిళనాడు 2025 ఏప్రిల్ 8 నుంచి ఏడాది నిషేధం పెట్టింది. కేరళ అంతకు ముందే, 2023లోనే ఆపింది.

రూలు రాష్ట్రం బోర్డర్ దగ్గర ఆగుతుంది, బ్యాక్టీరియా ఆగదు. కాబట్టి ఏ ఊళ్ళో తిన్నా అడగాల్సిన ప్రశ్న ఒకటే: "మయో ప్యాకెట్‌దా, ఇక్కడే గుడ్డుతో చేశారా?" గుడ్డు లేనిదో, పాశ్చరైజ్ చేసిన గుడ్డుతో చేసిన ప్యాకెట్‌దో అయితే కొంత నయం. అది కూడా తెరిచాక ఫ్రిజ్‌లోనే ఉండాలి. మే నెల ఎండలో కౌంటర్ మీద పొద్దుటి నుంచి కూర్చున్న సాస్ బాటిల్ కనిపిస్తే "మయో వద్దన్నా" అని చెప్పేయండి. బర్గర్‌కి ఏం కాదు.

స్టార్ల లెక్క

ఇప్పుడు మన ఫోన్‌లోని స్టార్లు. చిన్న ఊళ్ళో కొత్త షాపుకి ఆరు రివ్యూలు ఉన్నాయి, అన్నీ 5 స్టార్లే అనుకుందాం. రేటింగ్ 5.0. ఏడోవాడు పార్కింగ్ లేదని కోపంతో 1 స్టార్ ఇచ్చాడు. మొత్తం 31, భాగించు 7, రేటింగ్ 4.4కి పడింది. పక్క షాపోడి ఫ్రెండ్స్ ఇంకో నలుగురు తలా 1 స్టార్ కొట్టారు. 35 భాగించు 11, రేటింగ్ 3.2. ఆ షాపు పని అయిపోయినట్టే.

అదే సిటీలో 400 రివ్యూలతో 4.2 ఉన్న షాపుకి ఒకడు 1 స్టార్ ఇస్తే 4.19 అవుతుంది. స్క్రీన్ మీద తేడా కూడా కనపడదు. ఒకే కోపం సిటీ షాపుకి గీత కూడా పెట్టదు, చిన్న ఊరి షాపుని మాత్రం ముంచేస్తుంది. అందుకే స్టార్ కంటే ముందు రివ్యూల సంఖ్య చూడండి. మీరు రాసేటప్పుడు ఏ రోజు, ఏ టైముకి, ఏం తిన్నారు, ఎంత ఇచ్చారు అని రాయండి. "వేస్ట్", "సూపర్" అనే రెండు మాటల వల్ల ఎవరికీ ఉపయోగం లేదు.

డబ్బులు తీసుకున్న రివ్యూ

చివరిది, మా వీడియోలవాళ్ళ సంగతి. షాపు ఓపెనింగ్‌కి పిలుస్తారు, తిండి ఫ్రీ, పైన కొంత డబ్బు. అది తీసుకోవడం నేరం కాదు, దాచిపెట్టడమే తప్పు. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల శాఖ ఇన్‌ఫ్లూయెన్సర్ల కోసం గైడ్‌లైన్స్ ఇచ్చింది. డబ్బే కాదు, ఫ్రీ తిండి, గిఫ్ట్, డిస్కౌంట్ ఏది తీసుకున్నా చెప్పాలి. వీడియోలో అయితే తెర మీద రాయాలి, నోటితో కూడా చెప్పాలి. తప్పుదారి పట్టించే ప్రకటనకి మొదటిసారి 10 లక్షల దాకా, మళ్ళీ చేస్తే 50 లక్షల దాకా ఫైన్ పడొచ్చు. ప్రమోషన్లు చెయ్యకుండా ఏడాది నుంచి మూడేళ్ళ దాకా నిషేధం కూడా పెట్టొచ్చు.

కాబట్టి రీల్ చూసేటప్పుడు మూడు గమనించండి. బిల్లు చూపించాడా? ఒక్క లోపమైనా చెప్పాడా? కొరకకముందే "వావ్" అన్నాడా?

ఇప్పుడు ర్యాంకులు ఎందుకు ఇవ్వలేదో చెప్తా. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నప్పుడు, ఒక్కసారి రన్ చేసి పాస్ అయితే ఎవరూ రిలీజ్ చెయ్యనిచ్చేవాళ్ళు కాదు. ఒక బర్గర్ తిని ఒక షాపు మీద తీర్పు చెప్పడం కూడా అంతే. వేరు వేరు రోజుల్లో, అదే ఐటమ్, కనీసం మూడుసార్లు తినాలి, నా డబ్బుతో తినాలి. ఆ లెక్క ఇంకా పూర్తి కాలేదు. పూర్తయ్యాక పేర్లతో, బిల్లులతో, గ్రాములతో పెడతా.

ఈలోపు మీరు తినే చోట రుచి బాగలేకపోతే ముందు షాపాయనకి చెప్పండి. ఊరు చిన్నది, వింటాడు, రేపటికి మార్చుకుంటాడు. నూనె నల్లగా ఉంటే, చికెన్ పచ్చిగా ఉంటే ఆయనకీ చెప్పండి, ఫొటో తీసి ఆ యాప్‌లో కంప్లయింట్ కూడా పెట్టండి. అక్కడ తినే తర్వాతి మనిషి మీ తమ్ముడో చెల్లెలో కావచ్చు.

సరే, ఉంటా మరి. మీ ఊరి బర్గర్ ప్యాటీ ఎన్ని గ్రాములో తూచి నాకు పంపండి.