వరి జన్యువులు - విత్తన ఎంపిక

బాపట్ల పరిశోధన కేంద్రం నుండి 1986లో విడుదలైన సాంబ మసూరి (బి.పి.టి. 5204) సన్న బియ్యానికి పెట్టింది పేరు. కాని బాక్టీరియా ఆకుఎండు తెగులు సోకితే దీని దిగుబడి పడిపోతుంది. మందులతో అదుపు కష్టం. పంటరుణ వాయిదాకూ ఇబ్బంది తప్పదు.

ఏ జన్యువు తెగులును తట్టుకొంటుందో తెలిస్తే, నారు దశలోనే ఆకు ముక్కను పరీక్షించి తగిన మొక్కలను ఎన్నుకోవచ్చు. హైదరాబాదులోని సి.సి.ఎం.బి., వరి పరిశోధన డైరెక్టరేట్ శాస్త్రజ్ఞులు ఈ విధంగా సంకరణం జరిపి, మూడు నిరోధక జన్యువులను సాంబ మసూరిలోనికి తెచ్చారు. సన్నగింజ గుణం చెడని ఈ మెరుగైన రకం 2008లో విడుదలైంది. అయితే ఇది ఇతర తెగుళ్ళను, పురుగులను ఆపదని గమనించాలి.

ఆకుఎండు తెగులు తరచు వచ్చే పొలాలకు ఈ రకాన్ని అడిగి తీసుకొని, రసీదు భద్రపరచండి. డీలర్లు సంచిపై రకం పేరు, లాట్ నంబరు చూపి విక్రయించవలెను.