ఫోనుకు అందని కొలత

2020 మార్చి 25న కేంద్రం టెలిమెడిసిన్ మార్గదర్శకాలు విడుదల చేసింది. ఆ తర్వాత ఈ-సంజీవని అనే వీడియో వైద్య సలహా సేవ వాడకంలో ఆంధ్రప్రదేశ్ దేశంలోనే ముందువరుసలో నిలిచింది. పులివెందుల, జమ్మలమడుగు పల్లెల నుంచి ప్రొద్దుటూరు జిల్లా ఆసుపత్రికి రావాలంటే ఒక రోజు కూలి పోతుంది, బస్సు కుదుపులూ తప్పవు. వాంతులకో, ఐరన్ మాత్రలు పడకపోతేనో వీడియోలో డాక్టరును అడగగలగడం నిజంగా మేలే. కానీ కడుపులో బిడ్డ ఎదుగుతోందా లేదా అన్నది మాటల్లో తేలదు.

మాయ ద్వారా రక్తం సరిగా అందనప్పుడు బిడ్డ ముందు తన మెదడును కాపాడుకుంటుంది. కాలేయంలో దాచుకోవాల్సిన నిల్వలు తగ్గిపోయి, తలకన్నా పొట్ట చిన్నదవుతుంది. తల్లికి నొప్పేమీ ఉండదు, అందుకే ఫోనులో ఆమె "బాగానే ఉన్నాను డాక్టరమ్మా" అంటుంది. పైగా బిడ్డ చిన్నగా ఉంటే కాన్పు సులువని తిండి తగ్గించే అలవాటు కొన్ని ఇళ్లలో ఇంకా పోలేదు. ఇది మంచిది కాదు.

బిడ్డ ఎదుగుదల తగ్గడాన్ని పట్టుకునే మొదటి సాధనం దర్జీ టేపే. మూత్రం పోసి వచ్చాక, గర్భసంచి పైఅంచు నుంచి పొత్తికడుపు కింది ఎముక దాకా కొలుస్తారు. 24 వారాల తర్వాత ఆ సెంటీమీటర్లు దాదాపు వారాలతో సరిపోతాయి. 3 సెంటీమీటర్లకు మించి తగ్గినా, రెండు కొలతల మధ్య పెరుగుదల ఆగినా స్కానింగు చేయించాలి. బొడ్డుతాడులో రక్తప్రవాహం ఎలా ఉందో డాప్లర్ స్కానింగు‌లో తెలుస్తుంది. టేపు అన్ని కేసులనూ పట్టలేదు. లావుగా ఉన్నవాళ్లలో, కవలల్లో అది పొరబడుతుంది. నెలల లెక్కే తప్పైతే ఏ కొలతా పనికిరాదు, కాబట్టి మూడో నెలలోపే ఒక స్కానింగు తప్పనిసరి.

ఈ-సంజీవనిలో ఒక మంచి ఏర్పాటుంది: గ్రామ ఆరోగ్య కేంద్రంలో సిబ్బంది గర్భిణి పక్కనే కూర్చుని డాక్టరుతో మాట్లాడించవచ్చు. వీడియో మొదలయ్యేలోపు బీపీ, బరువు, టేపు కొలత తీసి గర్భిణి కార్డులో రాయాలన్న నియమం పెడితే చాలు, కొత్త యంత్రమేదీ అక్కర్లేదు. ప్రతి నెలా 9న జరిగే ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ పరీక్షలకు వెళ్లేటప్పుడు ఆ కార్డు పట్టుకెళ్లండి.

అమ్మా, మీ ఊరి ఆరోగ్య కార్యకర్త ఏఎన్‌ఎమ్‌ను ఈ నెల కొలత ఎంతని అడగండి. బిడ్డ కదలికలు తగ్గాయనిపిస్తే మాత్రం ఫోను కోసం ఆగవద్దు, నేరుగా ఆసుపత్రికి వెళ్లండి.